సరిహద్దు ఊళ్ల నుంచి ఐటీలో పైకెళ్లాలంటే ఏం చదవాలి, ఎలా చదవాలి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం... ఒడిశాలో మన తెలుగువాళ్లున్న ఏ ఊరు తీసుకున్నా ఐటీలో పనిచేసేవాళ్లు వీధికి ఒకరిద్దరు తేలతారు. బీఎస్సీయో బీసీఏయో డిప్లొమానో చేసి వైజాగ్‌లోనో భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో సపోర్టు, టెస్టింగ్ లాంటి పనిలో చేరతారు, రెండు మూడేళ్లు గడిచేసరికి జీతం కదలదు, వెనకొచ్చినవాడు ముందుకెళ్లిపోతాడు, ఇంట్లో పెళ్లి మాటలు మొదలవుతాయి, అప్పుడు "ఇంకేమైనా చదివితే బావుణ్ను" అనిపిస్తుంది. అనిపించడం మంచిదే. అయితే అనిపించిన రాత్రే ఫోన్లో కనబడ్డ ప్రకటన నొక్కేసి ఈఎంఐ మీద లక్షన్నర కోర్సులో చేరిపోతే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది.

కాబట్టి డబ్బు కట్టేముందు ఒక్కటి తేల్చుకోండి. మిమ్మల్ని ఆపుతున్నది కాగితం, అంటే డిగ్రీ లేకపోవడమా, పనితనం లేకపోవడమా? కాగితం లేక ఆగినవాళ్లు ఎన్ని సర్టిఫికేషన్లు చేసినా హెచ్ఆర్ జల్లెడ దాటరు. పనితనం లేక ఆగినవాళ్లు ఇంకో డిగ్రీ తెచ్చుకున్నా ఇంటర్వ్యూలో పది నిమిషాలకే దొరికిపోతారు.

తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. నౌకరీ లేదా లింక్డిన్ తెరిచి, ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం కాదు, మీకు కావాల్సిన ఉద్యోగం తాలూకు ప్రకటనలు ఓ పదిహేను తీయండి. నోటుబుక్కులో రెండు గళ్లు గీసి ఒక పక్క అర్హత అని అడిగింది, రెండో పక్క వచ్చి ఉండాలని అడిగింది రాయండి. ఇది చూసి వదిలేయకండి, రాయండి, రాస్తేనే తెలుస్తుంది. పదిహేనింటిలో పదింటికి "బీటెక్ లేదా ఎంసీఏ" అని ఉండి మీది బీఎస్సీ అయితే సంగతి తేలిపోయినట్టే, మీకు కాగితం కావాలి. అర్హత సరిపోతోంది, కాల్స్ కూడా వస్తున్నాయి, రెండో రౌండులో పోతున్నారంటే మీకు కావాల్సింది పనితనం. అర్హత ఉండీ కాల్సే రాకపోతే మాత్రం రెజ్యూమే బాలేదన్నమాట, దానికి కోర్సులు అక్కర్లేదు, ఓ ఆదివారం కూర్చుని తిరగరాసుకుంటే చాలు.

కాగితం కావాల్సిన వాళ్ల సంగతి

మూడేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకి దారి దాదాపు ఒక్కటే, ఎంసీఏ. ఇప్పుడది రెండేళ్ల కోర్సు. బీటెక్ వాళ్లతో సమానంగా అప్లై చేసుకోనిస్తుంది, రేపు విదేశాలకెళ్లి చదవాలన్నా మూడేళ్ల డిగ్రీ చాలదనే చోట పనికొస్తుంది. ఎలా చేయాలన్నది మాత్రం మీరు ఉద్యోగం మానగలరా లేదా అన్నదాని మీద ఉంటుంది.

మానగలిగితే, లెక్కలు కాస్త బావుంటే, నిమ్‌సెట్ రాయండి. ఎన్ఐటీల్లో ఎంసీఏకి అదే పరీక్ష. డిగ్రీలో 60 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకి 55, లెక్కలు చదివి ఉండాలి. పేపర్లో బరువంతా లెక్కలదే, కంప్యూటర్ ప్రశ్నలు తక్కువ, అందుకే జావా బాగా వచ్చినవాడు బోల్తాపడి ఇంటర్ లెక్కలు మర్చిపోనివాడు సీటు కొట్టేస్తుంటాడు. మనకి ఇందులో ఇంకో సుఖం ఉంది. వరంగల్, రాయ్‌పూర్ రెండు ఎన్ఐటీలూ ఇందులో ఉన్నాయి, రాయగడ వాళ్లకైతే విజయనగరం నుంచి రాయ్‌పూర్ పోయే రైలు మార్గం ఇంటి ముందే. రాష్ట్రం లోపల చాలనుకుంటే ఒడిశా ప్రవేశ పరీక్ష ఓజేఈఈ రాయాలి. గుణుపురంలో జీఐఈటీ, బరంపురంలో ఎన్ఐఎస్‌టీ, పర్లాకిమిడిలో సెంచూరియన్ లాంటి ప్రైవేటువి దగ్గర్లోనే ఉన్నాయి. వాటిలో చేరేముందు ఆ ఏడాది ఎంసీఏ బ్యాచ్ ఏ కంపెనీల్లో, ఏ పనికి చేరిందో పాత విద్యార్థుల్ని లింక్డిన్‌లో వెతికి అడగండి. కాలేజీ బ్రోచరులోని ఫొటోలు బీటెక్ వాళ్లవై ఉండొచ్చు.

ఉద్యోగం మానలేకపోతే ఇగ్నో, అంటే కేంద్ర ప్రభుత్వ దూరవిద్య యూనివర్సిటీ. నా మాటలో మన ప్రాంతానికి ఇంతకంటే చవకైన, గట్టి కాగితం లేదు. కోరాపుట్‌లో రీజనల్ సెంటర్ ఉంది, వైజాగ్‌లోనూ ఉంది. జనవరి, జూలై అని ఏడాదికి రెండుసార్లు చేర్చుకుంటారు, పరీక్షలు జూన్, డిసెంబర్‌లలో. బీసీఏ లేదా కంప్యూటర్ డిగ్రీ లేకపోయినా ఇంటర్లోనో డిగ్రీలోనో లెక్కలుంటే తీసుకుంటారు, అదనంగా కొన్ని బ్రిడ్జి పేపర్లు చదవాలి. చాలామంది మునిగేది ఇక్కడే. పరీక్ష కష్టమై కాదు, అసైన్‌మెంట్లు టైముకి పంపక, ల్యాబ్ క్లాసులకి హాజరు చాలక. చేరేముందు మీకు వచ్చే స్టడీ సెంటర్లో ల్యాబ్ ఏ రోజుల్లో పెడతారో కనుక్కుని, ఆ రోజులకి మీ షిఫ్టు కుదురుతుందో లేదో చూసుకోండి. కుదరదనుకుంటే ఆన్‌లైన్ ఎంసీఏ కూడా వాళ్లదే ఉంది.

దూరవిద్యలో, ఆన్‌లైన్లో చేసిన డిగ్రీకి విలువ ఉంటుందా అని ప్రతివాళ్లూ అడుగుతారు. యూజీసీ (యూనివర్సిటీల నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న సంస్థ, గుర్తింపు ఉన్న కోర్సు అయితే రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022లో యూజీసీయే స్పష్టంగా చెప్పింది. ఒకేసారి రెండు డిగ్రీలు చేసుకోవచ్చని కూడా అదే ఏడాది అనుమతిచ్చింది. కానీ ఇంజనీరింగ్ దగ్గర ఈ లెక్క చెల్లదు. కరెస్పాండెన్స్‌లో బీటెక్ ఇప్పిస్తామనే వాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు, వాళ్ల మాట నమ్మితే డబ్బుతో పాటు ఏళ్లూ పోతాయి. ఈ సంగతి సుప్రీంకోర్టులో తేలింది కూడా మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే, ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసు, 2017 నవంబర్ 3 తీర్పు. సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ అనుమతి లేకుండా డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలని కోర్టు పక్కన పెట్టేసింది, వాటి మీద ప్రమోషన్లు తీసుకున్నవాళ్లు కూడా ఇబ్బందిపడ్డారు. డిప్లొమా చేసి బీటెక్ కావాలనుకునే వాళ్లకి సరైన దారి లేటరల్ ఎంట్రీ, ఓజేఈఈ ద్వారా రెండో ఏడాదిలోకి. ఉద్యోగం చేసేవాళ్ల కోసం సాయంత్రం తరగతులు నడిపే కాలేజీలకి ఏఐసీటీఈ అనుమతిస్తోంది. అలాంటిది దొరికితే ఆ ఏడాది అనుమతి పత్రం చూపించమని అడగండి. చూపించడానికి నసిగితే లేచి వచ్చేయండి.

బీటెక్ ఉన్నవాళ్లకి ఎంటెక్ కావాలా? సర్వీసు కంపెనీలో డెవలపర్‌గా పైకెళ్లడానికి అక్కర్లేదనే అంటాను. చిప్ డిజైన్, రీసెర్చ్, అధ్యాపక ఉద్యోగం, ఏఐలో లోతైన పని కావాలనుకుంటే ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాయండి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా పేపరు పెట్టారు, సీటొస్తే నెలకి 12,400 స్టైపెండ్ ఇస్తారు. ఉద్యోగం వదలకుండా ఎంటెక్ కావాలంటే బిట్స్ పిలానీ వాళ్ల వర్క్ ఇంటిగ్రేటెడ్ ప్రోగ్రాం ఉంది, దానికి మీ కంపెనీ ఒప్పుకోలు కావాలి, ఫీజు గట్టిగానే ఉంటుంది, కంపెనీ భరిస్తే తప్ప తొందరపడొద్దు.

ఇంటర్ తర్వాత ఏదో కారణంగా ఆగిపోయి చిన్న పనుల్లో ఉన్నవాళ్లు ఐఐటీ మద్రాస్ బీఎస్ డేటా సైన్స్ చూడండి. 2020లో మొదలుపెట్టారు, జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ రాస్తే చేరొచ్చు. మధ్యలో ఆగినా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది, ఫౌండేషన్ సర్టిఫికెట్, ఆ తర్వాత డిప్లొమా, ఆపైన బీఎస్సీ, చివరికి బీఎస్. ఆదాయం తక్కువున్న ఇళ్లవాళ్లకి ఫీజులో పెద్ద తగ్గింపులున్నాయి. పాఠాలు ఆన్‌లైనే గానీ పరీక్షకి సెంటరుకి వెళ్లాల్సిందే, పైగా అది అంత తేలిగ్గా పాసయ్యే చదువు కాదు.

సరిహద్దు వాళ్ల అసలు తలనొప్పి

కోర్సు ఎంచుకోవడం ఒకెత్తు, కాగితాలు ఒకెత్తు. మనం ఒడిశాలో ఉంటాం, చుట్టాలంతా విజయనగరం, పార్వతీపురం, శ్రీకాకుళం వైపు ఉంటారు, మనసు కూడా అటే ఉంటుంది, అందుకని "ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఏపీ ఐసెట్ రాసి ఆంధ్రా యూనివర్సిటీలో చేరిపోదాం" అనుకుంటాం. ఆంధ్రాలో కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులవి. మిగతా 15 శాతానికి కూడా మీరో మీ అమ్మానాన్నలో ఆ రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు చూపించాలి, లేదా అక్కడి ప్రభుత్వోద్యోగుల పిల్లలై ఉండాలి, ఇలాంటి షరతులుంటాయి. మూడు తరాలుగా రాయగడలోనే ఉన్నవాళ్లకి ఇది కుదరదు, తెలుగు మాట్లాడతామన్నంత మాత్రాన లోకల్ అయిపోం. ఆంధ్రా ఫీజు రీయింబర్స్‌మెంటూ రాదు. మేనేజ్‌మెంట్ సీటే గతి, ఆ డబ్బుతో ఇగ్నోలో చదివి ఇంకా మిగుల్చుకోవచ్చు.

కుల ధ్రువపత్రం ఇంకో చిక్కు. రిజర్వేషన్ రాష్ట్రం వెంట ఉంటుంది, మనిషి వెంట రాదు. ఆంధ్రాలో బీసీలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండొచ్చు, లేకపోవచ్చు, వేరే పేరుతో ఉండొచ్చు. ఒడిశాలో రాష్ట్ర సీట్లలో వెనకబడిన తరగతుల కోటా ఉన్న చోట ఎస్ఈబీసీ (ఒడిశాలో బీసీల పేరు) పత్రం అడుగుతారు, ఎన్ఐటీలూ ఐఐటీలకి కేంద్ర జాబితా ప్రకారం ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి, రెండూ ఒకటి కావు. ఉన్న పాత పత్రం పెట్టి కౌన్సెలింగ్‌లో జనరల్ కిందకి జారిపోయేవాళ్లు ఏటా ఉంటారు. ఓబీసీది ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నదే చెల్లుతుంది, కాబట్టి ఏప్రిల్ రాగానే దరఖాస్తు పెట్టండి. నివాస, ఆదాయ పత్రాలు కూడా ఈ-డిస్ట్రిక్ట్ పోర్టల్లో అప్పుడే పెట్టేస్తే తహసీల్ ఆఫీసు చుట్టూ ఒకేసారి తిరిగితే సరిపోతుంది.

ఇక పేరు. మనలో సగం మందికి ఇదే తగాదా. ఇంటిపేరు ముందు పెట్టుకునే అలవాటు మనది, ఇంటిపేరు చివర రాసే అలవాటు ఇక్కడి బడులది. మెట్రిక్ సర్టిఫికెట్లో ఒకలా, ఆధార్లో ఇంటిపేరు పొట్టి అక్షరంతో ఇంకోలా, పాన్‌లో మూడోలా ఉంటుంది. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్లో గానీ డిగ్రీలో చేరాలంటే ఇప్పుడు డీఈబీ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే నంబరు) తప్పనిసరి, దానికి ముందు డిజిలాకర్లో ఏబీసీ ఐడీ (చదువు క్రెడిట్లు నమోదయ్యే ఖాతా నంబరు) చేసుకోవాలి, అది ఆధార్లోని పేరు తీసుకుంటుంది. సర్టిఫికేషన్ పరీక్షలకైతే గుర్తింపు కార్డులోని పేరూ బుకింగ్‌లోని పేరూ తేడాగా ఉంటే గుమ్మం దగ్గరే ఆపేస్తారు, కట్టిన ఫీజు వెనక్కి రాదు. మెట్రిక్ సర్టిఫికెట్‌ని ప్రమాణంగా పెట్టుకుని ఆధార్, పాన్ దాని ప్రకారం సరిచేయించుకోండి. కోర్సుకి అప్లై చేసిన తర్వాత కాదు, ముందే, దీనికి వారాలు పడుతుంది.

పనితనం కావాల్సిన వాళ్ల సంగతి

ఇక్కడ డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. పునాది గట్టిగా లేదనుకుంటే ఎన్‌పీటెల్‌తో మొదలుపెట్టండి. డేటా స్ట్రక్చర్లు, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, ఏది కావాలన్నా ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితం. చాలా కోర్సులకి పాఠం తెలుగు అనువాదం కూడా పెట్టారు, ఇంగ్లీషు ఉపన్యాసం అర్థంకాక ఆగిపోయేవాళ్లకి బాగా ఉపయోగం. సర్టిఫికెట్ కావాలంటేనే వెయ్యి రూపాయలు కట్టి సెంటర్లో పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75 మార్కులు. పన్నెండు వారాల కోర్సులో మూడో వారం అసైన్‌మెంట్ దాటితే మిగతాది లాక్కెళ్లిపోవచ్చు, జనం రాలిపోయేది అక్కడే.

ఉద్యోగం లేని వాళ్లకి, లేదా ఆరు నెలలు పూర్తిగా కూర్చోగలిగే వాళ్లకి కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల పీజీ డిప్లొమా మంచిది, వాళ్ల ప్రవేశ పరీక్ష సీక్యాట్ రాసి చేరాలి, పొద్దుట్నుంచి రాత్రిదాకా రుద్దుతారు. ప్రభుత్వ పోస్టుల మీద కన్నుంటే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ శిక్షణ సంస్థ నైలిట్ ఇచ్చే బి లెవెల్ గురించి తెలుసుకోండి, కొన్ని కేంద్ర నోటిఫికేషన్లలో దాన్నీ అర్హతగా ఒప్పుకుంటారు.

క్లౌడ్, నెట్‌వర్క్, లినక్స్ వైపు వెళ్లేవాళ్లకి సర్టిఫికేషన్లు పనికొస్తాయి, ప్రోగ్రామింగ్ వాళ్లకి అంతగా కాదు. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ 150 డాలర్లు, సిస్కో వాళ్ల నెట్‌వర్క్ పరీక్ష సీసీఎన్ఏ 300 డాలర్లు, రెండూ మూడేళ్లే చెల్లుతాయి, పన్ను అదనం. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్ అసోసియేట్ సర్టిఫికెట్లు ఏడాదే ఉంటాయి గానీ ఉచితంగా ఆన్‌లైన్లో రెన్యువల్ చేసుకోవచ్చు. రెడ్‌హ్యాట్ వాళ్ల లినక్స్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్ఏలో ఆప్షన్లు టిక్కు పెట్టడం ఉండదు, సిస్టమ్ ముందు కూర్చుని పని చేసి చూపించాలి, అందుకే దానికి ఇంటర్వ్యూల్లో గౌరవం ఎక్కువ. ఏదైనా ఒకటి తీసుకోండి, మహా అయితే రెండు. రెజ్యూమేలో తొమ్మిది బ్యాడ్జిలు చూస్తే అడిగేవాడికి అనుమానమే వస్తుంది. డంపులు (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు) బట్టీపట్టి పాసయ్యే రకం గురించి చెప్పక్కర్లేదు, దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు.

పరీక్ష ఇంటి నుంచి రాయొచ్చు గానీ మన ఊళ్లలో వద్దంటాను. గది నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపాలి, బల్ల మీద ఏమీ ఉండకూడదు, కెమెరా ముందు నుంచి కదలకూడదు, వెనక అమ్మ తలుపు తీసి "కాఫీ తాగుతావా" అందంటే పరీక్ష ఆగిపోవచ్చు. కరెంటు, నెట్ టెన్షన్ సరేసరి. ముందురోజు రైలెక్కి వైజాగ్‌లోనో భువనేశ్వర్‌లోనో సెంటరులో రాసేయడం నయం.

సర్టిఫికేషన్ కంటే ముందు, లేదా దాంతోపాటే, ఒక్క పని మొదటి నుంచి చివరిదాకా మీ చేత్తో చేయండి. ఉదాహరణకి మీ బజార్లో మందుల షాపాయన్ని పట్టుకోండి. గడువు తేదీ దగ్గరపడ్డ సరుకు చూపించే చిన్న వెబ్ పేజీ చేసిపెడతానని చెప్పండి. పేజీ పైథాన్‌లో రాసి ఏడబ్ల్యూఎస్‌లో అద్దె సర్వర్ ఈసీ2 మీద పెట్టండి, డేటాబేస్ వాళ్ల ఆర్‌డీఎస్‌లో, రోజూ రాత్రి బ్యాకప్ వాళ్ల ఫైళ్ల నిల్వ ఎస్3కి, సర్వర్ పడిపోతే మెయిల్ వచ్చేలా క్లౌడ్‌వాచ్ అలారం. ఖాతా తెరిచిన వెంటనే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి, ఫ్రీ అనుకుని వదిలేసిన నాట్ గేట్‌వే (లోపలి సర్వర్లని ఇంటర్నెట్‌కి కలిపే సేవ) గంటకింత చొప్పున బిల్లు చేస్తూనే ఉంటుంది. ఇది నెల పనే. కానీ ఇంటర్వ్యూలో "డేటాబేస్‌ని పబ్లిక్ సబ్‌నెట్‌లో, అంటే ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న చోట, ఎందుకు పెట్టలేదు?" అనడిగితే మీ దగ్గర పుస్తకం జవాబు కాక సొంత జవాబు ఉంటుంది. షాపాయన రెండో వారానికే "బాబూ, దీంట్లో కంపెనీ పేరుతో వెతకడం లేదే" అంటాడు చూడండి, అక్కడ మొదలవుతుంది నిజమైన చదువు.

ఇంగ్లీషు గురించి ఒక్క మాట. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా, టీవీలో హిందీ, నాలుగు భాషలు నోట్లో ఉన్నవాళ్లకి ఐదోది రాదనుకోవడం అర్థంలేని భయం. రోజూ చేసిన పని గురించి రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చేసుకుని వినండి, స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు డబ్బులు మిగులుతాయి.

టైము, డబ్బు, కంపెనీ

నైట్ షిఫ్టు వాళ్లు పొద్దున్న ఇంటికొచ్చి చదువుదామనుకుంటే కళ్లు మూతలు పడతాయి. షిఫ్టుకి వెళ్లేముందు గంటన్నర చాలు, వారాంతంలో ఒక పూట ల్యాబుకి. మొత్తం ఆదివారం చదువుతానని ప్లాన్ వేసుకోకండి, మన ఇళ్లలో ఆదివారం మన చేతిలో ఉండదు.

కంపెనీలో చదువు ఖర్చు తిరిగిచ్చే పాలసీ ఉందేమో హెచ్ఆర్‌ని మెయిల్లో అడగండి, నోటిమాటగా వద్దు. ఉంటే షరతులు చదవండి. సాధారణంగా పాసైతేనే ఇస్తారు, ఇచ్చాక ఏడాది లోపు మానేస్తే వెనక్కి కట్టమంటారు. ఆ ఏడాదిలో మీరు కంపెనీ మారాలనుకుంటుంటే సొంత డబ్బుతో చేయడమే మేలు. వంద శాతం ప్లేస్‌మెంట్ అని లక్షలు అడిగే సంస్థల దగ్గర మాత్రం ఒకటే అడగండి, ఉద్యోగం రాకపోతే డబ్బు వెనక్కిస్తామని కాగితం మీద రాసిస్తారా అని. సాధారణంగా టాపిక్ మారిపోతుంది.

చదువు పూర్తయ్యాక సర్టిఫికెట్ కోసం కూర్చోకండి. ఫలితం రాగానే ప్రొవిజనల్, మార్కుల మెమోలు తీసుకుని స్కాన్ చేసి పెట్టుకోండి, అప్రైజల్ మొదలయ్యే నెల ముందే మేనేజర్‌కి చెప్పండి, అయిపోయాక చెబితే మళ్లీ ఏడాది. కొత్త కంపెనీ అయితే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. మీ ఆధార్ రాయగడ అడ్రసు, అద్దె ఇల్లు వైజాగ్ మధురవాడ, డిగ్రీ గుణుపురం, పీజీ ఇగ్నో, ఇలా రెండు రాష్ట్రాల్లో పరుచుకుని ఉంటే వాళ్లు తికమకపడతారు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎక్కడున్నారో ఒక పేజీ ముందే రాసుకుని, అద్దె ఒప్పందం కాపీ జతచేసి, ఫారంలో అవే తేదీలు నింపండి. ఊళ్లో ఇంటికి వెరిఫికేషన్ మనిషి వస్తాడని నాన్నకి కూడా చెప్పి ఉంచండి, లేకపోతే "మావాడు ఇక్కడ ఉండట్లేదు బాబూ" అని పంపించేస్తారు.